పట్టికలు వేరు, సంఖ్యలు వేరు: ప్రకృతిలోని నాలుగు బలాల తీవ్రతను ఎలా పోలుస్తారు?

ప్రకృతిలో నాలుగు ప్రాథమిక బలాలున్నాయని ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం చదివినవారందరికీ తెలుసు. వాటి తీవ్రతలను వరుసగా పేర్చిన ఒక చిన్న పట్టిక కూడా చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రబల కేంద్రక బలాన్ని 1 అనుకుంటే విద్యుదయస్కాంత బలం 10⁻², దుర్బల కేంద్రక బలం 10⁻¹³, గురుత్వాకర్షణ బలం 10⁻³⁹ అని ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకం ఏళ్ల తరబడి బోధించింది. అయితే ఇంకో పుస్తకం తెరిస్తే దుర్బల బలం ఎదురుగా 10⁻⁶ కనిపిస్తుంది, మరోదాంట్లో 10⁻⁵ ఉంటుంది. విశ్వవిద్యాలయ స్థాయిలో కణ భౌతికశాస్త్రం చదివేవారికైతే దుర్బల బలపు స్వతఃసిద్ధ తీవ్రత సుమారు 1/30 అని, అంటే విద్యుదయస్కాంత బలంకన్నా అదే ఎక్కువని చెబుతారు. 10⁻¹³కూ 1/30కీ మధ్య తేడా దాదాపు ముప్పై వేల కోట్ల రెట్లు.

వీటిలో ఏదీ అచ్చుతప్పు కాదు. ప్రతి సంఖ్యా ఒక నిర్దిష్టమైన ప్రశ్నకు సరైన జవాబే. ఏ కణాల మధ్య, ఎంత దూరంలో, ఎంత శక్తి వద్ద, దేన్ని కొలిచి పోల్చారు అన్నదే ఆ ప్రశ్న. పట్టికలో జవాబు మాత్రం మిగిలి ప్రశ్న జారిపోవడం వల్లనే ఈ గందరగోళమంతా పుడుతోంది.

ఏ బలం ఏ పని చేస్తుంది

గురుత్వాకర్షణ ద్రవ్యరాశి, శక్తి ఉన్న ప్రతిదానిపైనా పనిచేస్తుంది. విద్యుదావేశం ఉన్న కణాల మధ్య పనిచేసేది విద్యుదయస్కాంత బలం. పరమాణువులో ఎలక్ట్రాన్లను పట్టి ఉంచేదీ, ఘర్షణగానూ కండరాల బలంగానూ మనకు అనుభవంలోకి వచ్చేదీ ఇదే. ప్రబల బలం క్వార్కులనే ప్రాథమిక కణాలను ప్రోటాన్లు, న్యూట్రాన్లుగా బంధిస్తుంది, వాటిని మళ్లీ కేంద్రకంలో ఒకచోట ఉంచుతుంది. దుర్బల బలం కట్టిపడేసే పనికన్నా మార్చే పనిలో ఎక్కువగా కనిపిస్తుంది: ఒక రకం క్వార్కును మరో రకంగా మార్చి, తద్వారా న్యూట్రాన్‌ను ప్రోటాన్‌గా మార్చే బీటా క్షయానికి అదే కారణం.

రెండు ప్రోటాన్లతో మొదలుపెడితే

అన్నింటికన్నా తేలికైన పోలిక విద్యుత్ బలానికీ గురుత్వానికీ మధ్య ఉంటుంది. రెండూ దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతాయి కాబట్టి నిష్పత్తి కట్టేటప్పుడు దూరం కొట్టుకుపోతుంది. రెండు ప్రోటాన్లు ఒక మీటరు దూరంలో ఉన్నా ఒక కాంతి సంవత్సరం దూరంలో ఉన్నా జవాబు మారదు. ప్రోటాన్ ఆవేశం 1.602×10⁻¹⁹ కూలుంబులు, ద్రవ్యరాశి 1.673×10⁻²⁷ కిలోలు. ఈ విలువలను కూలుంబ్ సూత్రంలోనూ న్యూటన్ సూత్రంలోనూ వేసి భాగిస్తే విద్యుత్ వికర్షణ గురుత్వాకర్షణకు 1.24×10³⁶ రెట్లని తేలుతుంది.

ఇప్పుడు ఒక ప్రోటాన్ స్థానంలో ఎలక్ట్రాన్‌ను పెట్టి చూద్దాం. ఆవేశపు పరిమాణం మారలేదు, ద్రవ్యరాశి మాత్రం సుమారు 1,836 రెట్లు తగ్గింది. నిష్పత్తి 2.3×10³⁹కి చేరుతుంది. రెండూ ఎలక్ట్రాన్లే అయితే 4.2×10⁴². ప్రకృతి నియమాలు ఏమీ మారకుండానే, ఎంచుకున్న కణాన్ని బట్టి జవాబు లక్షల రెట్లు మారిపోయింది. గురుత్వం ఇన్ని రెట్లు బలహీనమని ఎవరైనా ఒక సంఖ్య చెప్పినప్పుడు వారు మనసులో ఏ కణాన్ని పెట్టుకున్నారో అడగవలసిందే.

పట్టికలోని 10⁻³⁹ కూడా ప్రోటాన్ లెక్కే. రెండు కణాల మధ్య బలాన్ని దూరపు వర్గంతో గుణించి, వచ్చినదాన్ని ప్లాంక్ స్థిరాంకమూ కాంతి వేగమూ కలిసిన రాశితో భాగిస్తే ప్రమాణాలు లేని ఒక శుద్ధ సంఖ్య మిగులుతుంది. విద్యుత్ బలానికి అది సుమారు 1/137. 1916లో సోమర్‌ఫెల్డ్ ప్రవేశపెట్టిన సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం ఇదే, పట్టికలోని 10⁻² దీనికి దగ్గరి రూపం. రెండు ప్రోటాన్ల గురుత్వానికి అదే పద్ధతిలో 5.9×10⁻³⁹ వస్తుంది. 1/137ను పైన చూసిన 1.24×10³⁶తో భాగించి ఈ విలువను పాఠకులు స్వయంగా సరిచూసుకోవచ్చు. ఎలక్ట్రాన్లతో లెక్కిస్తే అది 1.75×10⁻⁴⁵ అయ్యేది. 22 మైక్రోగ్రాముల ద్రవ్యరాశి గల రెండు కణాలున్నాయని ఊహించుకుంటే సరిగ్గా 1 దగ్గరకు వచ్చేది. ప్లాంక్ ద్రవ్యరాశి అని పిలిచేది దీన్నే.

ఇంత బలహీనమైనది విశ్వాన్ని ఎలా శాసిస్తోంది

విద్యుదావేశాల్లో ధనం, రుణం రెండూ ఉన్నాయి. పదార్థంలో అవి ఆశ్చర్యపరిచేంత కచ్చితంగా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గురుత్వానికి అలాంటి రెండో గుర్తు లేదు, ప్రతి కణమూ తన వంతు ఆకర్షణను కలుపుతూనే పోతుంది.

ఈ రద్దు ఎంత కచ్చితమైనదో భూమి, చంద్రుల లెక్కతో తెలుస్తుంది. వాటి మధ్య గురుత్వాకర్షణ సుమారు 2×10²⁰ న్యూటన్లు. భూమి మీద కొన్ని అదనపు ఎలక్ట్రాన్లను, చంద్రుడి మీద అన్నే అదనపు ఎలక్ట్రాన్లను ఉంచి, వాటి వికర్షణతో ఆ ఆకర్షణను పూర్తిగా రద్దు చేయాలనుకుందాం. ఒక్కొక్కదానిపై 5.7×10¹³ కూలుంబుల ఆవేశం కావాలి. అంటే 3.6×10³² ఎలక్ట్రాన్లు. వాటి మొత్తం ద్రవ్యరాశి దాదాపు 325 కిలోలు మాత్రమే. 6×10²⁴ కిలోల భూమిని, 7.3×10²² కిలోల చంద్రుణ్ని కలిపి ఉంచుతున్న ఆకర్షణను తుడిచిపెట్టడానికి అటు 325 కిలోలు, ఇటు 325 కిలోల ఎలక్ట్రాన్లు చాలు. చంద్రుడు ఇప్పటికీ మన చుట్టూ తిరుగుతున్నాడంటే ఆవేశాల సమతూకం అంత గొప్పగా కుదిరిందన్నమాట.

నక్షత్రాలు అంత భారీగా ఎందుకుంటాయన్నదానికి కూడా ఇక్కడే సమాధానముంది. ప్రోటాన్ల గురుత్వ సంఖ్య 5.9×10⁻³⁹ను తిరగేసి, దాన్ని ఒకటిన్నర ఘాతానికి పెంచితే 2×10⁵⁷ వస్తుంది. సూర్యుడిలోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం సుమారు 1.2×10⁵⁷. ఈ రెండు సంఖ్యలు దగ్గరగా రావడం కాకతాళీయం కాదు. 1930లో పందొమ్మిదేళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఇంగ్లండుకు ఓడలో వెళ్తూ చేసిన లెక్కలో, శ్వేత కుబ్జ (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన) నక్షత్రపు గరిష్ఠ ద్రవ్యరాశి ఈ ఘాతం మీదే ఆధారపడుతుంది. నేడు దాన్ని సుమారు 1.4 సూర్య ద్రవ్యరాశులుగా చెబుతారు. గురుత్వం అంత బలహీనం కాబట్టే, పదార్థపు ఒత్తిడిని అది ఓడించాలంటే అన్ని కణాలు ఒకచోట చేరాలి.

ప్రబల బలం: దూరం మారితే స్థానమూ మారుతుంది

కేంద్రకం లోపలికి వెళ్తే దూరం ఇక కొట్టుకుపోదు. కేంద్రక భౌతికశాస్త్రంలో దూరాన్ని ఫెర్మీలలో కొలుస్తారు, ఒక ఫెర్మీ 10⁻¹⁵ మీటర్లు. రెండు ప్రోటాన్లు ఒక ఫెర్మీ దూరంలో ఉంటే వాటి విద్యుత్ వికర్షణ 230 న్యూటన్లు. అంటే కంటికి కనిపించని రెండు కణాల మధ్య ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా బరువుకు దగ్గరైన తోపుడు! అదే దూరంలో వాటి గురుత్వాకర్షణ 1.9×10⁻³⁴ న్యూటన్లు మాత్రమే. అంతటి వికర్షణనూ తట్టుకుని కేంద్రకం నిలబడిందంటే అక్కడి కేంద్రక ఆకర్షణ దానికి పదుల రెట్లు ఉండాలి, ఉంటుంది కూడా.

అయితే ఆ ఆధిక్యం కొద్ది దూరానికే పరిమితం. 1935లో హిడెకి యుకావా ఈ ఆకర్షణను ద్రవ్యరాశి గల ఒక కణం మోసుకుపోతుందని ప్రతిపాదించాడు; అలాంటి కణం మోసే బలం దూరంతో పాటు చాలా వేగంగా క్షీణిస్తుంది. ఆ కణమైన పయాన్ 1947లో దొరికింది. దాని ద్రవ్యరాశి ప్రకారం బలపు పరిధి 1.4 ఫెర్మీలు. పది ఫెర్మీల దూరంలో రెండు ప్రోటాన్లను పోలిస్తే విద్యుత్ బలానిదే పైచేయి, ప్రబల బలం దాదాపు లేనట్టే. ఇది కాగితం మీది సంగతి కాదు. సీసపు కేంద్రకం వ్యాసార్ధం సుమారు 7 ఫెర్మీలు. దానిలో ఒక చివరనున్న ప్రోటాన్‌కు రెండో చివరనున్న ప్రోటాన్ వికర్షణ అందుతుంది, కేంద్రక ఆకర్షణ అందదు. ప్రోటాన్ల సంఖ్య పెరిగేకొద్దీ వికర్షణ అన్ని జతల నుంచీ పోగవుతుంది, ఆకర్షణ మాత్రం పక్కనున్నవాటి నుంచే వస్తుంది. అందుకే 82 ప్రోటాన్ల సీసం తరవాత పూర్తిగా స్థిరమైన మూలకం లేదు, 92 ప్రోటాన్ల యురేనియం-238 సుమారు 447 కోట్ల ఏళ్ల అర్ధాయువుతో క్షయిస్తూ ఉంటుంది. బలమైన దానికీ బలహీనమైన దానికీ మధ్య సరిహద్దు కేంద్రకపు పరిమాణం వద్దనే పడిందని ఆవర్తన పట్టిక మొత్తం సాక్ష్యం చెబుతోంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ప్రోటాన్ల మధ్య పనిచేసే కేంద్రక బలం అసలు ప్రబల బలం కాదు, దాని అవశేషం. అసలు బలం క్వార్కుల మధ్య గ్లూయాన్లనే వాహక కణాల ద్వారా పనిచేస్తుంది, దూరంతో దాని ప్రవర్తన పూర్తిగా భిన్నం. రెండు క్వార్కులను విడదీయబోతే వాటి మధ్య బలం తగ్గకుండా సుమారు 1.6×10⁵ న్యూటన్ల వద్ద, అంటే పదహారు టన్నుల బరువంత, నిలిచిపోతుంది. మరీ దగ్గరకు తెస్తే ఆ బలపు తీవ్రత సంఖ్య తగ్గిపోతూ క్వార్కులు దాదాపు స్వేచ్ఛగా మెలుగుతాయి. 1973లో డేవిడ్ గ్రాస్, ఫ్రాంక్ విల్‌చెక్, డేవిడ్ పొలిట్జర్ కనుగొన్న ఈ విషయానికే 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. పట్టికలో ప్రబల బలానికి వేసిన 1 ప్రోటాన్ పరిమాణమంత దూరాలకు వర్తించే అంచనా మాత్రమే. అంతకన్నా కొన్ని వందల రెట్లు చిన్న దూరాల్లోకి చొచ్చుకుపోయే శక్తుల వద్ద, అంటే 91 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద (కణాల శక్తికీ ద్రవ్యరాశికీ వాడే ప్రమాణం ఇది), ఆ సంఖ్య 0.118.

దుర్బల బలం: 10⁻¹³, 10⁻⁶, 1/30 మూడూ ఎలా నిజం

అన్నింటికన్నా ఎక్కువ తికమక దుర్బల బలం దగ్గరే. దాన్ని విప్పడానికి సిగ్మా అనే కణాల కుటుంబం బాగా ఉపయోగపడుతుంది. ఒకే రకపు క్వార్కులతో, దాదాపు ఒకే ద్రవ్యరాశులతో ఉండే ఈ కణాల్లో ఒక్కొక్కటి ఒక్కో బలం చేతిలో విచ్ఛిన్నమవుతుంది. ఉత్తేజిత సిగ్మా ప్రబల బలం వల్ల సుమారు 2×10⁻²³ సెకన్లలో విడిపోతుంది. ఆవేశం లేని సిగ్మా విద్యుదయస్కాంత బలం వల్ల, కాంతి కణాన్ని వెలువరిస్తూ, సుమారు 7×10⁻²⁰ సెకన్లు జీవిస్తుంది. ధనావేశ సిగ్మాకు దుర్బల బలం తప్ప మరో దారి లేదు, దాని ఆయుష్షు 8×10⁻¹¹ సెకన్లు. బలం తగ్గేకొద్దీ విచ్ఛిన్నం ఆలస్యమవుతుంది.

మొదటిదాన్ని చివరిదానితో భాగిస్తే 2.5×10⁻¹³ వస్తుంది. ఎన్‌సీఈఆర్‌టీ పట్టికలో ఉన్న పరిమాణం ఇదే. విచ్ఛిన్నపు రేటు బలపు తీవ్రతకు వర్గంగా మారుతుందని తీసుకుని వర్గమూలం కడితే 5×10⁻⁷, అంటే 10⁻⁶ ప్రాంతం. ఇతర పుస్తకాలు చెప్పే సంఖ్య అది. రెండు పుస్తకాలూ ఒకే పరిమాణాన్ని చెబుతున్నట్టు కనిపించినా ఒకటి రేట్లను పోల్చింది, మరొకటి తీవ్రతలను పోల్చింది. విద్యుదయస్కాంత సిగ్మాతో ఇదే లెక్క చేస్తే వర్గమూలం సుమారు 1/60 వస్తుంది, పట్టికలోని 10⁻²కు దగ్గరే. ఇక 10⁻⁵ అనేది శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ బీటా క్షయ సిద్ధాంతంలోని స్థిరాంకాన్ని ప్రోటాన్ ద్రవ్యరాశి వర్గంతో గుణించగా వచ్చేది.

ఈ బలహీనతకు కారణం బలపు లోపల లేదు, దాన్ని మోసే కణాల్లో ఉంది. 1983లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో బయటపడిన డబ్ల్యూ, జెడ్ కణాలు ప్రోటాన్‌కు వరుసగా సుమారు 86, 97 రెట్ల బరువైనవి. అంత బరువైన కణం మోసే బలం 2.5×10⁻¹⁸ మీటర్లు దాటితే వేగంగా అణగారిపోతుంది. ప్రోటాన్ పరిమాణంతో చూస్తే ఇది కొన్ని వందల రెట్లు చిన్నది. మామూలు శక్తుల వద్ద కణాలు అంత దగ్గరకు రావడం అరుదు కాబట్టి చర్య కూడా అరుదు. గ్లాషో, సలాం, వైన్‌బర్గ్‌లకు 1979లో నోబెల్ తెచ్చిన ఏకీకృత సిద్ధాంతం ప్రకారం, ద్రవ్యరాశి అడ్డం తొలగే శక్తుల వద్ద మిగిలే స్వతఃసిద్ధ తీవ్రత సుమారు 1/30.

దీనికి కనిపించే రుజువు టాప్ క్వార్కు. 1995లో అమెరికాలోని ఫెర్మీ ల్యాబ్‌లో కనుగొన్న ఈ క్వార్కు డబ్ల్యూ కణంకన్నా రెండు రెట్లకు పైగా బరువైనది, కాబట్టి అది నిజమైన డబ్ల్యూ కణాన్నే పుట్టించగలదు. దాని ఆయుష్షు సుమారు 5×10⁻²⁵ సెకన్లు. ప్రబల బలం దాన్ని మరో క్వార్కుతో జతకట్టేలోపే దుర్బల బలం దాన్ని విడగొట్టేస్తుంది. స్వేచ్ఛగా ఉన్న న్యూట్రాన్ కూడా దుర్బల బలం వల్లనే విచ్ఛిన్నమవుతుంది, కానీ దానికి సగటున 880 సెకన్లు, దాదాపు పావుగంట, పడుతుంది. అందుబాటులో ఉన్న శక్తిలో తేడా వల్ల, ఒకే బలం చేసే పనికి పట్టే సమయం 10²⁷ రెట్లు మారింది. ఈ ఒక్క ఉదాహరణ ముందు పట్టికలోని ఏకైక సంఖ్య నిలవలేదని నా అభిప్రాయం.

తక్కువ శక్తుల వద్ద ఈ మందకొడితనం మనకు ప్రాణాధారం. సూర్యుడిలో రెండు ప్రోటాన్లు కలవాలంటే ఢీకొన్న క్షణంలోనే ఒకటి న్యూట్రాన్‌గా మారాలి, ఆ మార్పు దుర్బల బలం చేయాలి. అందుకే ఒక సగటు ప్రోటాన్ వందల కోట్ల ఏళ్లు వేచి ఉంటుంది, 460 కోట్ల ఏళ్లు గడిచినా సూర్యుడి ఇంధనం అయిపోలేదు. ఆ చర్యల్లో పుట్టిన న్యూట్రినోలనే ఆవేశం లేని, అతితేలికైన కణాలు భూమి మీద ప్రతి చదరపు సెంటీమీటరు నుంచి సెకనుకు సుమారు 6,500 కోట్ల చొప్పున దూసుకుపోతున్నా మనకు తెలియదు. అలాంటి కణాలను పట్టుకోవడానికి లోతైన గనులు కావాలి. కుప్పానికి చేరువలోని కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతులో, విశ్వ కిరణాలు వాతావరణంలో పుట్టించిన న్యూట్రినోల జాడను 1965లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ సహచరులతో కలిసి గుర్తించారు. ప్రపంచంలో ఆ రకపు న్యూట్రినోలు తొలిసారి దొరికిన చోట్లలో అదొకటి కావడం మనం గర్వంగా గుర్తుంచుకోవలసిన విషయం.

శక్తి పెరిగితే మూడూ ఒకటవుతాయా

1/137 కూడా స్థిరంగా ఉండదు. 91 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద కొలిస్తే అది సుమారు 1/128. ఆవేశం చుట్టూ శూన్యంలో క్షణకాలం పుట్టి మాయమయ్యే కణాల జతలు ఆ ఆవేశాన్ని కొంత కప్పేస్తాయి, దగ్గరకు వెళ్లేకొద్దీ ఆ తెర పలచబడుతుంది. ప్రబల బలం అదే దిశలో తగ్గుతుంది. ఒకటి పెరుగుతూ, ఒకటి తగ్గుతూ పోతే ఎక్కడో కలవాలి కదా అన్న ఆలోచనతో 1974లో జార్జి, గ్లాషో మహా ఏకీకరణ సిద్ధాంతాన్ని, అంటే ప్రబల, దుర్బల, విద్యుదయస్కాంత బలాలు మూడూ ఒకే బలపు రూపాలనే సిద్ధాంతాన్ని, ప్రతిపాదించారు.

ఈ విషయంలో శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. ప్రామాణిక నమూనాలోని కణాలతోనే, అంటే ఇప్పటివరకూ దొరికిన కణాలతోనే లెక్కిస్తే, శక్తితో మూడు బలాల తీవ్రతలు మారే తీరును చూపే మూడు రేఖలు దగ్గరకు వస్తాయి గానీ ఒకే బిందువులో కలవవు. తెలిసిన ప్రతి కణానికీ ఒక జోడీ కణం ఉంటుందనే సూపర్‌సిమెట్రీ ఊహించే కణాలను చేరిస్తే 10¹⁶ గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో చక్కగా కలుస్తాయి. దీన్ని ఒక బలమైన సూచనగా చూసేవారున్నారు. కానీ సెర్న్‌లోని భారీ కొలైడర్‌లో ఆ కణాలు ఇంతవరకూ కనిపించలేదు. మహా ఏకీకరణ నిజమైతే ప్రోటాన్ కూడా ఎప్పుడో ఒకప్పుడు విచ్ఛిన్నం కావాలి. అందుకోసం 1980ల్లో కోలార్ గనుల్లోనూ, తరవాత జపాన్‌లోని సూపర్ కమియోకాండే ప్రయోగశాలలోనూ వెతికారు. ముఖ్యమైన విచ్ఛిన్న మార్గాల్లో ప్రోటాన్ ఆయుష్షు 10³⁴ ఏళ్లకు పైనే ఉండాలని జపాన్ ప్రయోగం తేల్చింది; తొలినాటి సరళ సిద్ధాంతం అప్పటికే, 1980ల నాటి ప్రయోగాలతోనే, వీగిపోయింది.

గురుత్వం నిజంగా బలహీనమా

మిగిలిన ప్రశ్న ఇదే, ఇంకా తేలనిదీ ఇదే. 125 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల హిగ్స్ కణానికీ, 1.2×10¹⁹ గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్లాంక్ ద్రవ్యరాశికీ మధ్య ఇంత అగాధం ఎందుకుందో తప్పక వివరించాలని ఒక వర్గం భావిస్తుంది. విల్‌చెక్ వంటివారు ప్రశ్ననే తిరగేస్తారు. గురుత్వం బలహీనం కాదు, మనం కొలతగా ఎంచుకున్న ప్రోటాన్ మరీ తేలిక, కాబట్టి ప్రోటాన్ ఎందుకంత తేలికో అడగాలంటారు. దానికి కొంత జవాబు ఉంది: ప్రోటాన్ ద్రవ్యరాశిలో అత్యధిక భాగం క్వార్కులను బంధించే శక్తి నుంచి వస్తుంది, ప్రబల బలపు తీవ్రత శక్తితో చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి ప్లాంక్ శక్తి నుంచి దిగివస్తూ అది 1కి చేరేసరికి ఎన్నో ఘాతాలు దాటిపోతాం. ఈ వాదన ప్రోటాన్‌కు సరిపోతుంది, హిగ్స్ ద్రవ్యరాశిని మాత్రం వివరించదు. ఐన్‌స్టీన్ 1915 సిద్ధాంతాన్ని అక్షరాలా తీసుకునేవారు గురుత్వం స్థలకాలాల వక్రతే గానీ బలమే కాదని, దాన్ని ఈ పట్టికలో చేర్చడమే సరికాదని అంటారు. రెండు కణాల మధ్య ఆకర్షణను లెక్కించేంతవరకు మాత్రం రెండు దృష్టులూ ఒకే సంఖ్యను ఇస్తాయి.

1998లో నీమా అర్కానీ-హమెద్, డిమొపూలస్, డ్వాలి మరో దారి చూపారు. గురుత్వం కూడా మిగతా బలాలంతటిదే కావచ్చు, కానీ మనకు కనిపించని అదనపు మితుల్లోకి (పొడవు, వెడల్పు, ఎత్తులు కాక వేరే దిశల్లోకి) అది వ్యాపించిపోవడం వల్ల పలచబడి ఉండవచ్చని వారి ఊహ. ఆ మితుల పరిమాణం మిల్లీమీటరుకు దగ్గరగా ఉంటే, అంతకన్నా తక్కువ దూరాల్లో న్యూటన్ వర్గ విలోమ నియమం తప్పాలి. కావెండిష్ 1798లో గురుత్వాన్ని కొలవడానికి వాడిన, తీగ మెలితిరగడాన్ని బట్టి అతిచిన్న బలాలను కొలిచే మెలిక త్రాసుకు వారసులైన పరికరాలతోనే అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం దీన్ని పరీక్షిస్తోంది. 2020లో ప్రకటించిన ఫలితం ప్రకారం 52 మైక్రోమీటర్ల దూరం వరకూ, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు వరకూ, న్యూటన్ నియమం చెక్కుచెదరలేదు. విద్యుత్ బలాన్ని ఫెర్మీలకన్నా తక్కువ దూరాల్లో కూడా పరీక్షించగలిగాం. గురుత్వాన్ని నేరుగా కొలిచింది ఇంతవరకే. అంతకన్నా చిన్న దూరాలకు పట్టికలో వేసిన 10⁻³⁹ కొలిచి చెప్పినది కాదు, న్యూటన్ నియమం అక్కడ కూడా వర్తిస్తుందన్న నమ్మకంతో పొడిగించినది.